బోనస్ డబ్బు లోన్‌కా, పెన్షన్‌కా? నలభై ఐదు దాటాక ఏది మేలు

మార్చి, ఏప్రిల్ నెలల్లో బోనస్ పడగానే బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం వాకింగ్‌కి వచ్చే తెలుగువాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఈ డబ్బు హోమ్ లోన్‌లో కట్టెయ్యమంటావా, పీఎఫ్‌లోనో ఎన్‌పీఎస్‌లోనో (జాతీయ పెన్షన్ పథకం) వెయ్యమంటావా?" నేను ఫైనాన్స్ చదివినవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను, కాకపోతే ఎక్సెల్‌లో లెక్కలు వేసుకునే జబ్బు ఉందని అందరికీ తెలుసు కాబట్టి నన్నడుగుతారు. ఈ ఏడాది నాకూ అదే ప్రశ్న వచ్చింది కనుక కాస్త ఒళ్లు వంచి లెక్క వేశాను.

నాకు 47. లోన్ బాకీ 40 లక్షలు, వడ్డీ 8 శాతం అనుకుందాం, ఇంకా 13 ఏళ్లు ఉంది, ఈఎంఐ సుమారు 41,300. పన్ను పోగా చేతికొచ్చిన బోనస్, ఇన్నాళ్లూ దాచింది కలిపి 5 లక్షలు. ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) లోన్ కాబట్టి ముందే కట్టినందుకు పెనాల్టీ లేదు, వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్ల మీద బ్యాంకులు ఆ ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే చెప్పేసింది.

అందరూ ఎక్కడ కొట్టుకుంటారంటే వడ్డీ శాతాల దగ్గర. లోన్ కడితే 8 శాతం మిగిలినట్టు, దాని మీద పన్ను కూడా లేదు. పీఎఫ్‌లో 2023-24, 2024-25 రెండేళ్లూ 8.25 ఇచ్చారు. "చూశారా, పావు శాతం పీఎఫ్‌దే పైచేయి" అని ఒకరు, "రేపు పీఎఫ్ వడ్డీ తగ్గిస్తే?" అని ఇంకొకరు. ఆ పావు శాతం కోసం గంట వాదన. సరే చూద్దామని జీతంలో నెలనెలా మిగిలేదాంట్లోంచి 15,200 చొప్పున రెండు వైపులా పెట్టి చూశాను. ఈఎంఐతో పాటు ఆ 15,200 కూడా లోన్‌లోనే కడితే, అంటే నెలకు 56,500, ఎనిమిదేళ్లలో లోన్ మొత్తం తీరిపోతుంది. అలా కాకుండా ఆ 15,200 వాలంటరీ పీఎఫ్‌లో (మామూలు పీఎఫ్ కాక మన ఇష్టంతో అదనంగా కోయించుకునేది) వేస్తే ఎనిమిదేళ్లకు అక్కడ 20 లక్షల 30 వేలు చేరుతుంది, అప్పటికి లోన్ బాకీ 20 లక్షల 40 వేలు ఉంటుంది. అంటే ఇది తీసి అది కట్టేస్తే దాదాపు సరికి సరి. కాబట్టి శాతాలతో తేలే విషయం కాదిది.

నా ఉద్దేశంలో తేల్చేవి రెండు తేదీలు. లోన్ ముగిసే తేదీ ఒకటి, జీతం ఆగే తేదీ ఒకటి. మొదటిది బ్యాంకు కాగితంలో ఉంటుంది. రెండోది ఎక్కడా ఉండదు. మన పీఎఫ్ కాగితాల్లో రిటైర్మెంట్ 58 అని ఉంటుంది గానీ, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఏ ఆఫీసులోనైనా తల తిప్పి చూడండి, 58 ఏళ్లవాళ్లు ఎంతమంది కనిపిస్తారు? నా టీమ్‌లో నేనే పెద్దవాణ్ణి, నన్ను "సార్" అనే పిల్లలకు నా జీతం ఎంత ఉంటుందో ఊహ ఉంది, పైవాళ్లకు ఇంకా బాగా తెలుసు. నా జీతం 55 దాటి నడిస్తే అదృష్టం అనుకునే లెక్క వేసుకుంటున్నాను.

మొదటి తేదీ బ్యాంకు కాగితంలో ఉంటుందన్నాను గానీ అదీ కదులుతుంది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది కదా, అప్పుడు నా ఈఎంఐ ఒక్క రూపాయి పెరగలేదు. సంతోషించాను కూడా. ఒకరోజు పన్ను పని మీద లోన్ స్టేట్‌మెంట్ తీస్తే 15 ఏళ్లు ఉండాల్సిన గడువు 22 ఏళ్లు దాటి కనిపించింది. ఈఎంఐ ముట్టుకోకుండా గడువు సాగదీశారు, ఎప్పుడో ఒక ఎస్ఎంఎస్ వచ్చిందట, ఎవడు చూస్తాడు. లెక్క మాత్రం తప్పు కాదు, 45 లక్షల బాకీ మీద 6.9 శాతం కాస్తా 9.4 అయితే అదే 40,200 ఈఎంఐతో 22 ఏళ్లకు పైనే పడుతుంది. అంటే నాకు 65 వచ్చేదాకా! ఇలాంటివి చాలామందికి జరిగాయి కాబట్టే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని బ్యాంకులు మనల్ని అడగాలని ఆదేశం ఇచ్చింది. తర్వాత ఈఎంఐ కొంచెం పెంచి, మధ్యలో కాస్త కట్టి, 2025లో వడ్డీలు తగ్గాయి కాబట్టి ఇప్పుడు 60 దగ్గర ఆగింది.

60కి ముగిసే లోన్, 55కి ఆగేలా ఉన్న జీతం. ఆ మధ్య ఐదేళ్లు, నెలకు 41,300. నా సమస్య మొత్తం ఇదే. మీ లోన్ 50కే తీరిపోయేలా ఉంటే మీకు ఈ సమస్య లేదు, దాన్ని దాని మానాన వదిలేసి పెన్షన్ వైపు చూడండి. మా కింద ఫ్లోర్‌లో ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసే ఆయన ఉన్నారు, 60 దాకా జీతానికి ఢోకా లేదు, ఆయనకు నేను చెప్పేది వర్తించదు. ఆయన నన్ను అడగరు కూడా.

అయితే 5 లక్షలూ లోన్‌లో కట్టెయ్యడమేనా? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, నేనూ వెయ్యబోయాను. 5 లక్షలు కట్టి ఈఎంఐ అలాగే ఉంచితే గడువులో 31 నెలలు తగ్గుతాయి, వడ్డీ 7 లక్షల 70 వేల దాకా మిగులుతుంది. వినడానికి బాగుంది. కానీ తగ్గే ఆ 31 నెలలు చివర్లోవి, 2036 తర్వాతవి. వచ్చే నెల ఐదో తారీఖున కట్టాల్సిన 41,300 అలాగే ఉంటుంది. అదే 5 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే పన్నెండు ఈఎంఐలు. చివర్లో 31 కావాలా, ఇప్పుడు 12 కావాలా అన్నదే ప్రశ్న.

నా పాత కొలీగ్ ఒకాయన, నెల్లూరు వైపువాడు, మూడేళ్లలో 12 లక్షలు అదనంగా కట్టాడు. భలే గర్వంగా చెప్పేవాడు. లేఆఫ్ అయ్యాక కొత్త ఉద్యోగానికి తొమ్మిది నెలలు పట్టింది. కట్టిన 12 లక్షల్లోంచి ఒక లక్ష వెనక్కి ఇవ్వండి అంటే ఏ బ్యాంకూ ఇవ్వదు, టాప్ అప్ లోన్ (ఉన్న లోన్ మీదే అదనపు అప్పు) అడిగితే జీతం స్లిప్పులు అడిగారు. అసలు సమస్యే అవి లేవని కదా. చివరికి ఈఎంఐల కోసం భార్య పేరు మీద 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకున్నాడు. 8 శాతం అప్పు తీర్చి 14 శాతం అప్పు తెచ్చుకున్నట్టయింది. కాబట్టి ఒక ఏడాది ఈఎంఐలు విడిగా చేతిలో ఉంచుకోకుండా లోన్‌లో అదనంగా ఒక్క రూపాయి కట్టకండి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, మిగతావన్నీ ఎవరి వీలు వాళ్లది.

ఆ ఏడాది డబ్బు పక్కన పెట్టాక, నెలనెలా మిగిలేది ఎటు? తిరిగి చేతికొచ్చే గుణం చూస్తే వాలంటరీ పీఎఫ్ మేలు, ఉద్యోగం పోతే అందులో పెద్ద భాగం తీసుకోవచ్చు. ఒక పరిమితి గుర్తుంచుకోండి, ఏడాదికి మన వాటా మొత్తం రెండున్నర లక్షలు దాటితే పైదాని వడ్డీ మీద 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఉంది. బేసిక్ 80 వేలు ఉండి 12 శాతం పూర్తిగా కోస్తున్న కంపెనీ అయితే మామూలు పీఎఫ్‌కే లక్షా పదిహేను వేలు అయిపోతుంది, అదనంగా వెయ్యడానికి నెలకు 11 వేల చిల్లరే మిగులుతుంది.

లెక్క ప్రకారం నేను ఇటే మొగ్గాను. మా ఆవిడకు చూపించాను. ఆమె ఎక్సెల్ చూడలేదు. "పీఎఫ్‌లో 20 లక్షలు కనబడుతుంటే మీ చెల్లెలి కూతురి పెళ్లికి మీరే తీసిస్తారు. లోన్‌లో కట్టేస్తే వాళ్లూ అడగరు, మీరూ ఇవ్వలేరు" అంది. కాదనలేకపోయాను. చెల్లెలి మీద కోపం కాదు, పీఎఫ్‌లోంచి మధ్యలో కొంత తీసుకునే వీలు నిజంగానే ఉంది, మా నాన్న కూడా పెళ్లి కోసం అలాగే తీశాడు. డబ్బు వెనక్కి రాకపోవడం అనే లోపమే నాలాంటివాడికి రక్షణ అన్నమాట. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అని మనవాళ్లు ఊరికే అనలేదు గానీ, ఆ మాట అన్న రోజుల్లో లేఆఫ్‌లు లేవు, అందుకే ముందు ఏడాది ఈఎంఐలు, తర్వాతే సంపన్నత.

అప్పు తీరినంత మాత్రాన నెలనెలా డబ్బు రాదు, అదీ నిజమే. ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్ అమ్ముకుని కూరగాయలు తెచ్చుకోలేం, మెయింటెనెన్స్ మాత్రం అడుగుతూనే ఉంటారు. "పీఎఫ్‌లో పెన్షన్ ఉంది కదా" అనేవాళ్లు ఒకసారి పాస్‌బుక్ చూడండి. 15 వేల జీతం సీలింగ్ మీదే లెక్క, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 35 ఏళ్లు చేసినా నెలకు 7,500. బెంగళూరులో అది పనిమనిషికీ పాలకీ సరిపోతుందేమో.

అందుకే ఒక్క ఎన్‌పీఎస్ విషయంలో లోన్‌ను పక్కన పెడతాను, అదీ కంపెనీ ద్వారా అయితేనే. కొత్త పన్ను విధానంలో దాదాపు అన్ని మినహాయింపులూ పోయినా, కంపెనీ మన ఎన్‌పీఎస్‌లో వేసే డబ్బు బేసిక్‌లో 14 శాతం దాకా పన్ను లేకుండా ఉంటుంది. 30 శాతం శ్లాబ్‌లో ఉన్నవాడి సీటీసీలోంచి (కంపెనీ మనకు లెక్కగట్టే మొత్తం జీతం) 10 వేలు అటు మళ్లిస్తే చేతికొచ్చే జీతం తగ్గేది 6,880 మాత్రమే. అంటే 6,880 లోన్‌లో కట్టడమా, 10 వేలు పెన్షన్‌లో వెయ్యడమా అన్నమాట. ఇక్కడ లోన్ పోటీకి రాదు. చాలాకాలం తియ్యడానికి వీల్లేదు, తీసేటప్పుడు కొంత భాగంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి, ఆ పెన్షన్ మీద పన్నూ ఉంటుంది, అయినా సరే. మీ హెచ్ఆర్‌ని అడగండి, చాలా కంపెనీల్లో ఈ వీలు ఉండి కూడా ఎవరూ వాడరు.

"లోన్ ఉంటే పన్ను మిగులుతుంది, ఎందుకు తీర్చడం" అని ఇంకా అంటున్నారు కొందరు. కొత్త విధానంలో మనం ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2 లక్షల దాకానే, 40 లక్షల బాకీకి ఏడాది వడ్డీయే 3 లక్షల పైన.

ఓవర్‌డ్రాఫ్ట్ లాంటి హోమ్ లోన్ ఒకటుంది, స్టేట్ బ్యాంక్‌లో మ్యాక్స్‌గెయిన్ అంటారు, వేరే బ్యాంకుల్లో వేరే పేర్లు. మిగులు డబ్బు అందులో పడేస్తే ఆ మేరకు వడ్డీ పడదు, కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు. వడ్డీ కొంచెం ఎక్కువ. కాగితం మీద ఇదే అన్నిటికంటే తెలివైనది. నేను మార్చుకోలేదు, ఎందుకంటే మా ఆవిడ చెప్పిన చెల్లెలి కూతురి పెళ్లి సమస్య ఇక్కడ రెట్టింపు అవుతుంది, కొత్త కారు కూడా కలుస్తుంది.

మిగతావి: పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) 7.1 శాతం, 2020 నుంచి అలాగే ఉంది, ఉన్నది కొనసాగించండి, కొత్తగా వద్దు. ఎస్ఐపీ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) ఉంటే ఆపకండి, కానీ 12 శాతం గ్యారంటీ అన్నట్టు లోన్‌తో పోల్చకండి. ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపి అమ్మేది) వద్దు. ఊళ్లో ప్లాట్ గురించి నేనేం చెప్పను, ఎవరూ వినరు.

ఇక నేను చేసింది. 5 లక్షలు ఎఫ్‌డీ, ఐదు ముక్కలుగా, ఒకటి విరిస్తే మిగతావి కదలకుండా. కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్ నెలకు 10 వేలు. వాలంటరీ పీఎఫ్ 5 వేలు, అదీ మనసు చంపుకోలేక. మిగిలిన 15,200 లోన్‌కి. ఇందులో ఒక కిటుకుంది. ఈఎంఐని 56,500కి పెంచమని బ్యాంకుకు రాసివ్వలేదు. అలా పెంచితే కష్టమొచ్చిన నెల కూడా అంతా కట్టాల్సిందే. ఈఎంఐ 41,300గానే ఉంచి, ప్రతి నెలా 15,200 విడిగా పార్ట్ పేమెంట్ కింద కడుతున్నాను, ఏ నెలైనా ఆపెయ్యొచ్చు. అంత కుదరనివాళ్లు ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కట్టినా గడువు ఏడాదిన్నర పైనే తగ్గుతుంది.

పార్ట్ పేమెంట్ చేసేటప్పుడు యాప్‌లో "ఈఎంఐ తగ్గించు", "గడువు తగ్గించు" అని రెండు వస్తాయి, మీకు కావాల్సింది రెండోదే అయితే చూసి నొక్కండి. కొన్ని యాప్‌లలో అడగనే అడగరు. మా బ్యాంకు మొదటి నెల ఈఎంఐ తగ్గించేసింది, బ్రాంచికి వెళ్లి ఉత్తరం రాసిస్తే సరిచేశారు. ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ రీపేమెంట్ షెడ్యూల్ దింపి చివరి పేజీలో చివరి తేదీ ఒక్కటే చూస్తున్నాను. మొన్న చూసినప్పుడు కాస్త ముందుకొచ్చింది, ప్రతి నెలా ఇలాగే కడుతూ పోతే 2034కి చేరుతుంది.