ఇంటెలిజేలో విండోలు సర్దుకోవడం: ఎనిమిదేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఇంటెలిజే (జావా లాంటి భాషల్లో కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) మొత్తానికీ రాసిన సమీక్ష కాదు. ర్యామ్ ఎంత మింగుతుంది, లైసెన్సు ఎంత అనే గొడవల్లోకి పోను. ఎనిమిదేళ్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని ముందే కూర్చుంటున్నాను కాబట్టి అందులో విండోలు మనకి నచ్చినట్టు సర్దుకోవడం ఎంత తేలిక, ఎక్కడ విసిగిస్తుంది, అదొక్కటే.

నేను జావా నేర్చుకుంది అమీర్‌పేటలో, ఎక్లిప్స్ అనే ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ మీద. దాంట్లో పర్‌స్పెక్టివ్‌లని ఉంటాయి: కోడ్ రాసేటప్పుడు ఒక అమరిక, డీబగ్ చేసేటప్పుడు, అంటే తప్పులు వెతికేటప్పుడు, మరొకటి. బ్రేక్‌పాయింట్ దగ్గర, అంటే ఆగమని మనం గుర్తు పెట్టిన లైను దగ్గర, ప్రోగ్రామ్ ఆగగానే డీబగ్ పర్‌స్పెక్టివ్‌కి మారాలా అని అడుగుతుంది, కింద 'నా నిర్ణయం గుర్తుపెట్టుకో' అని చిన్న గడి. నేను చదవకుండా ఆ గడిలో టిక్కు పెట్టి 'నో' కొట్టేశాను. ఆ తర్వాత వారం రోజులు వేరియబుల్ విలువలు ఎక్కడ చూడాలో తెలియక లైను లైనుకీ ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టుకుంటూ గడిపాను. తప్పు నాదేలెండి. కానీ చేసే పనిని బట్టి స్క్రీన్ మారిపోవాలన్న ఆలోచన మాత్రం మనసులో ఉండిపోయింది, ఉద్యోగంలో చేరి ఇంటెలిజేకి మారాక లోటుగా అనిపించింది కూడా అదే.

ఇక్కడ ఎడిటర్ (కోడ్ రాసే చోటు) చుట్టూ ఉండే ప్రాజెక్ట్, రన్, డీబగ్, గిట్ లాంటివన్నీ టూల్ విండోలు. దేన్నైనా పట్టుకుని ఏ పక్కకైనా లాక్కెళ్లొచ్చు. పైగా ఒక్కోదానికీ డాక్ పిన్డ్, డాక్ అన్‌పిన్డ్, అన్‌డాక్, ఫ్లోట్, విండో అని ఐదు రకాల పద్ధతులు. ఐదూ చూసి భయపడక్కర్లేదు, నాకు రోజూ పనికొచ్చేవి రెండే. అన్‌పిన్డ్ పెడితే ఎడిటర్‌లో క్లిక్ చేయగానే ఆ విండో దానంతటదే తప్పుకుంటుంది, 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఫైళ్ల జాబితా చూపించే ప్రాజెక్ట్ చెట్టుకి ఇంతకంటే మంచిది లేదు. ఇక విండో పద్ధతి రెండో మానిటర్ ఉన్నవాళ్లకి: రన్ లాగ్‌ని (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వచ్చే సందేశాలు) పూర్తిగా బయటికి తీసి పక్క స్క్రీన్ మీద పడేయొచ్చు.

సెట్టింగ్స్‌లో, అపియరెన్స్ పేజీ కింది భాగంలో, చాలామంది చూడని రెండు టిక్కులున్నాయి. ఒకటి వైడ్‌స్క్రీన్ లేఅవుట్. అది పెట్టకముందు నా దగ్గర రన్ విండో తెరిస్తే స్క్రీన్ అడుగంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకునేది, ప్రాజెక్ట్ చెట్టు సగానికి కుంచించుకుపోయేది. పెట్టాక చెట్టు పైనుంచి కిందిదాకా నిలబడుతుంది, లాగ్ మధ్యలో ఉన్న జాగాలో సర్దుకుంటుంది. రెండోది ఒక్కో టూల్ విండో సైజుని విడివిడిగా గుర్తుపెట్టుకోమని చెప్పేది. అది లేకపోతే పొడుగాటి ప్యాకేజీ పేర్లు కనబడ్డానికి ప్రాజెక్ట్‌ని వెడల్పు చేస్తే అదే పక్కనున్న కమిట్ విండో కూడా అంతే వెడల్పుతో తెరుచుకుంటుంది.

అసలు నా పని తేలికైంది మాత్రం 2023.1 వెర్షన్‌తో. అంతకుముందు ఒక్క డిఫాల్ట్ అమరికే దాచుకోగలిగేవాళ్లం. వారంలో మూడు రోజులు ఆఫీసులో 27 అంగుళాల మానిటర్, మిగతా రోజులు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ ఒక్కటే. ఒకచోట కుదిరిన అమరిక రెండోచోట పనికిరాదు, ఇల్లు మారినట్టు వారానికి రెండుసార్లు సామానంతా సర్దుకోవడమే. ఇప్పుడు విండో మెనూలో లేఅవుట్స్‌లోకి వెళ్లి, ఉన్న అమరికకి పేరు పెట్టి దాచుకోవచ్చు. నాకు మూడున్నాయి: ఆఫీసు, ఇల్లు, డీబగ్. పగలంతా ఎలా పడితే అలా లాగి పారేసినా షిఫ్ట్+ఎఫ్12 కొడితే ఆ లేఅవుట్ మళ్లీ దాచినప్పటిలా వచ్చేస్తుంది. మార్పు నిజంగా నచ్చితే మనమే సేవ్ చేయాలి. దానంతటది సేవ్ చేసుకోకపోవడమే నాకు నచ్చింది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఒకరోజు "అక్కా, కోడ్ తప్ప అన్నీ పోయాయి, ప్రాజెక్టే కనబడట్లేదు" అంటూ టెన్షన్‌గా వచ్చాడు. చూస్తే ఎడిటర్ ట్యాబ్ మీద డబుల్ క్లిక్ చేశాడు, అంతే. అలా చేస్తే టూల్ విండోలన్నీ దాక్కుంటాయి, మళ్లీ చేస్తే బయటికొస్తాయి. కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్12 చేసే పనీ అదే. తెలిసినవాడికి వరం, తెలియనివాడికి గుండె దడ.

మైక్రోసాఫ్ట్ వాళ్ల కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్ కూడా పక్కన వాడుతుంటాను. 2023 చివర్లో అందులో ఎడిటర్ ట్యాబ్‌ని బయటికి లాగి వేరే విండో చేసుకునే వీలొచ్చింది, కానీ పక్కనుండే ఫైళ్ల జాబితా, అంటే ఎక్స్‌ప్లోరర్‌ని, అలా తీయలేం. అమరికలు వేరేగా దాచుకోవాలంటే ప్రొఫైల్స్ ఉన్నాయి, అయితే మామూలుగా వాటితోపాటు ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగ్స్ కూడా కదులుతాయి. ప్యానెల్ జరపడానికి ప్రొఫైల్ మార్చడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే నాకు.

ఇంటెలిజేలో నాకింకా తీరని కోరిక ఒకటుంది. దాచిన లేఅవుట్‌లో ఉండేది టూల్ విండోలే, ఎడిటర్‌ని ముక్కలుగా చీల్చుకున్న తీరు అందులోకి రాదు. ఆఫీసులో ఎడమ సర్వీస్ క్లాసు, మధ్యలో దాని టెస్టు, కుడివైపు కాన్ఫిగ్ ఫైలు పెట్టుకుంటాను. ఇంటికొచ్చి 'ఇల్లు' లేఅవుట్ ఎంచుకుంటే చుట్టూ అంతా చక్కగా సర్దుకుంటుంది గానీ మధ్యలో ఆ మూడు ముక్కలూ అలాగే, ప్రతి లైనూ సగంలో తెగిపోయి. అందుకే ఇప్పుడు ఆఫీసులో టెస్టు ఫైలుని చీల్చట్లేదు, షిఫ్ట్+ఎఫ్4 కొట్టి వేరే విండోలో తెరుస్తున్నా, సాయంత్రం బయల్దేరే ముందు దాన్ని మూసేస్తున్నా. మర్చిపోయిన రోజు ఇంట్లో మళ్లీ అదే తంతు.