గుజరాత్ యాత్ర ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: కరపత్రంలో సముద్రంలోని గుడికి అన్ని తేదీలకూ ఒకే దర్శన సమయం అచ్చువేసి ఉంటే డబ్బు కట్టకండి

కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట వైపు గుజరాత్ యాత్ర కరపత్రాలు మళ్ళీ పంచుతున్నారు. ద్వారక, బేట్ ద్వారక, సోమనాథ్ తరువాత, చివరి పేజీలో భావనగర్ దగ్గర కోలియాక్‌లోని నిష్కళంక మహాదేవుడి ఫొటో ఉంటుంది. కింద «సముద్రం దారి ఇచ్చే శివాలయం, దర్శనం గ్యారంటీ» అని రాసి ఉంటుంది. మొన్న మార్గశిరంలో ఆ ప్యాకేజీకి మనిషికి 23,500 రూపాయలు కట్టి మా అత్తయ్యను తీసుకువెళ్ళాను. ఆమె కుడి చేయి మణికట్టు ఎముక విరిగి తిరిగి వచ్చింది. ప్రాణాలతో వచ్చామని ఇంట్లో అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. కానీ మమ్మల్ని ఆ నీళ్ళలోకి నడిపించింది దేవుడు కాదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. కోలియాక్ తీరం భావనగర్‌కు సుమారు 25 కిలోమీటర్లు. కురుక్షేత్రం తరువాత పాండవులు పాపం పోగొట్టుకోవడానికి నల్లటి ధ్వజంతో, నల్లటి ఆవుతో తిరిగారని, ఇక్కడికి రాగానే ఆ రెండూ తెల్లబడ్డాయని స్థలపురాణం. సముద్రంలో ఒడ్డుకు కిలోమీటరుకు పైగా దూరంలో రాతి తిన్నె మీద ఐదు శివలింగాలు ఉంటాయి. ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గితే దారి బయటపడుతుంది. పోటు వేళ దారీ, తిన్నే, లింగాలూ అన్నీ మునిగిపోయి ధ్వజస్తంభం మాత్రం కనిపిస్తుంది. అక్కడివారు భాదర్వీ అమావాస్య అనే మన శ్రావణ అమావాస్యకు పెద్ద జాతర జరుగుతుంది. చూడవలసిన చోటే, అందులో సందేహం లేదు. వెళ్ళవద్దని నేను అనడం లేదు.

మేము మొత్తం 34 మందిమి. అందులో 21 మంది అరవై దాటినవారు. సోమనాథ్‌లో పొద్దున్నే బయలుదేరవలసిన బస్సు రెండు గంటలు ఆలస్యమైంది. దారిలో ఒక చీరల దుకాణం ముందు ముప్పావు గంట ఆపారు. అడిగితే మాతో వచ్చిన యాత్ర ఏజెన్సీ కుర్రవాడు కరపత్రం తీసి చూపించాడు: «దర్శనం 3 గంటలకు అండీ, ఇంకా సమయం ఉంది.» అతను కోలియాక్ రావడం అదే మొదటిసారి అని తరువాత తెలిసింది. మేము ఒడ్డుకు చేరేసరికి రెండున్నర. సామాను చూసుకోవాలని అతను బస్సులోనే ఉండిపోయాడు. «నేరుగా నడవండి, గుడి కనిపిస్తూనే ఉంది» అన్నాడు. ఎంతమంది దిగారో లెక్క పెట్టుకోలేదు.

ఆ రోజు నీరు పూర్తిగా తగ్గింది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. అంటే మేము అడుగు పెట్టేటప్పటికే గంటన్నరగా నీరు తిరిగి ఎక్కుతోంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. మాలో కాకినాడ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన పెద్దాయన ఒకరు ఉన్నారు. «సముద్రం పక్కనే పుట్టినవాణ్ణి, ఏమీ కాదు రండి» అని ధైర్యం చెప్పారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. మన విశాఖ తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఖంభాత్ సింధుశాఖ గరాటులాగా లోపలికి సన్నబడుతూ పోతుంది కాబట్టి వచ్చిన నీరంతా ఒకచోట కూరుకుని భావనగర్ వైపు ఎనిమిది, పది మీటర్ల దాకా లేస్తుంది. మన తూర్పు తీరం చూసిన కంటికి అది అంచనాకు అందదు. ఆ సంగతి తెలియక మేమందరం ఆయన మాట నమ్మాము.

పైగా నీరు ఒకే వేగంతో పెరగదు. ఆటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు పడుతుంది. మొదటి గంటలో నెమ్మదిగా కదులుతుంది, మూడో, నాలుగో గంటల్లో మొత్తం పెరుగుదలలో సగం వచ్చేస్తుంది. ఎనిమిది మీటర్ల పోటు అనుకుంటే ఆ రెండు గంటల్లోనే నాలుగు మీటర్లు, నిమిషానికి మూడు సెంటీమీటర్లకు పైగా! మేము గుడి దగ్గర కొబ్బరికాయలు కొడుతున్నది సరిగ్గా ఆ వేళలోనే.

నాకు మొదట అనుమానం కలిగించింది నీరు కాదు, పూలు అమ్మే ఆవిడ. బుట్టలో ఇంకా సగం దండలు ఉన్నాయి. మా వాళ్ళు బేరం ఆడుతూనే ఉన్నారు. ఆవిడ మాట వినిపించుకోకుండా తడిగుడ్డ కప్పి బుట్ట నెత్తికెత్తుకుని ఒడ్డు వైపు నడిచింది. అమ్ముడుపోయే సరుకు వదిలి ఎవరు వెళతారు? కిందికి చూశాను. తిన్నె పక్క బురదలో అంతకుముందు మేము వేసిన అడుగుల గుర్తులు ఒక్కొక్కటే నిండుతున్నాయి. అల కొట్టి నిండడం కాదు, అడుగున ఊట ఊరినట్టు చప్పుడు లేకుండా నిండుతున్నాయి. అత్తయ్య ఇత్తడి చెంబు బురద అంచున పెట్టి ఐదో లింగానికి మొక్కుతోంది. ఆమె తల ఎత్తేసరికి చెంబు చుట్టూ నీరు చేరి అది ఒక పక్కకు ఒరిగింది.

మేము నిలబడ్డ తిన్నె పొడిగానే ఉంది. అదే అందరినీ మోసం చేసింది. దారి మధ్యలో పల్లంగా ఉన్న చోట అప్పటికే నీరు అడ్డంగా పారుతోంది. నీరు ఎదురుగా వచ్చి హెచ్చరిస్తుందని అనుకుంటాము. ఇలాంటి చోట్ల అది పక్కనుంచి వచ్చి, ముందుగా వెనక దారిని తెంచుతుంది. కొందరు ఇంకా గుడి వైపు వస్తూనే ఉన్నారు, మోకాళ్ళ నొప్పులతో వెనకబడినవారు. ముందు చేరినవారికి అరగంట దర్శనం దొరికింది, వారికి ఐదు నిమిషాలు కూడా లేదు. గుంపుగా వెళ్ళినప్పుడు జరిగే అన్యాయం ఇదే: నెమ్మదిగా నడిచేవారే ఆఖరున చేరతారు, తిరిగి రావడానికి వారికే ఎక్కువ సమయం కావాలి. వెనక్కి తిరిగే గంటను వారి నడకను బట్టి ముందే నిర్ణయించాలి. మాకు ఆ పని చేసే మనిషే లేడు.

పల్లం దగ్గరకు వచ్చేసరికి నీరు మోకాళ్ళ పైకి ఉంది. లోతు కంటే పక్కకు లాగే ఒరవడి భయపెట్టింది. చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకున్నాయి. రాళ్ళ మీద పాచి. అత్తయ్య జారి చేతి మీద పడింది. ఆ ఊరి కుర్రవాళ్ళు ఏడెనిమిది మంది పరిగెత్తి వచ్చి చేయీ చేయీ పట్టుకుని గొలుసులా నిలబడి మమ్మల్ని ఒక్కొక్కరినీ దాటించారు. ఇద్దరు పెద్దవాళ్ళను వీపున మోశారు. వారి భాష నాకు రాదు. ఒక అబ్బాయి అత్తయ్య విరిగిన చేతిని తన తువాలుతో కట్టి, ఒడ్డున కూర్చోబెట్టాకే వదిలాడు. ఒడ్డున లెక్క పెడితే 33 వచ్చింది. మా గుండెలు ఆగిపోయాయి. ఆ ఒక్కరు మోకాళ్ళ నొప్పితో అసలు బస్సు దిగలేదని తెలియడానికి పది నిమిషాలు పట్టింది.

భావనగర్‌లో ఎక్స్‌రేకీ, కట్టుకీ, మందులకీ 9,400 రూపాయలు అయ్యాయి. హైదరాబాద్ వచ్చాక ఏజెన్సీ వారిని అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు: ప్రకృతి వైపరీత్యాలకు బాధ్యులము కాము. తరువాతి యాత్రలో ఐదు వందలు తగ్గిస్తామన్నారు. వాట్సాప్ గ్రూపులో నేను రాసినది తీసివేయమన్నారు. నేను తీయలేదు.

పోటు ప్రకృతి వైపరీత్యం ఎలా అవుతుంది? తుఫాను కాదు, భూకంపం కాదు. ఏ రోజు ఏ నిమిషానికి వస్తుందో ఏడాది ముందే సర్వే ఆఫ్ ఇండియా పట్టికలు అచ్చువేస్తుంది. దేశం మొత్తానికి సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది మన ప్రగతి నగర్‌లోనే. ఏజెన్సీ దుకాణం నుంచి ఆటోలో వెళ్ళగలిగినంత దగ్గర. ఇంగ్లండులో లిండిస్ఫార్న్ ద్వీపానికి కూడా ఇలాగే ఆటు వేళ దాటే రోడ్డు ఉంది. దాటదగిన గంటలను అక్కడి కౌంటీ కౌన్సిల్ ముందే ప్రకటిస్తుంది, ఇరుక్కుపోయినవారు ఎక్కి కూర్చోవడానికి దారి మధ్య ఎత్తైన గది కట్టారు. కోలియాక్‌లో ఒడ్డున దుకాణం వాళ్ళను అడిగినా ఆ రోజు గంట చెబుతారు. అడగడానికి మనిషి బస్సు దిగాలి.

అందుకే కొనేవారు ముందుగా కరపత్రం చూడండి. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అన్ని బ్యాచ్‌లకూ ఒకే గంట అచ్చువేశారంటే వారు పట్టిక చూడలేదని అక్కడే తేలిపోయింది. కార్తికం బ్యాచ్ కరపత్రం సంపాదించి చూశాను, అందులోనూ 3 గంటలే. మీరు వెళ్ళే తేదీన ఆటు ఎన్ని గంటలకు, గుంపు ఒడ్డుకు తిరిగి రావలసిన ఆఖరి నిమిషం ఏది, దారిలో చివరి మనిషి వెనక ఎవరు నడుస్తారు అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. నీరు ఇంకా తగ్గుతుండగానే బయలుదేరాలి, ఎక్కడం మొదలయ్యేసరికి ఒడ్డు వైపు తిరిగి ఉండాలి. ఆలస్యమైతే ఒడ్డునుంచే దండం పెట్టి వచ్చేయాలి. డబ్బు కట్టాము కదా అని బలవంతపెట్టవద్దు, మాలో కొందరు అదే చేశారు.

ఇప్పటికే నష్టపోయినవారు కరపత్రం, రసీదు, వాట్సాప్ సందేశాలు, ఆసుపత్రి బిల్లులు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేస్తారు. దానితో తేలకపోతే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము లేదు. నేను 1915కు చేశాను, కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. మాతో వచ్చినవారిలో నలుగురు సాక్ష్యం ఇస్తామన్నారు.

మహాశివరాత్రి బ్యాచ్‌కు అడ్వాన్సు కట్టినవారు మాత్రం ఈ వారమే వెళ్ళి అడగండి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దగా ఉంటుంది, వేళలూ దాదాపు ఒకటే. శివరాత్రి అమావాస్య ముందు రోజు వస్తుంది కాబట్టి ఆ నాడూ పోటు పెద్దదే. మేము వెళ్ళింది పౌర్ణమి దాటిన రెండో రోజు. ఆ లెక్కన శివరాత్రి నాడు ఆటు మాకంటే రెండు, రెండున్నర గంటలు ముందు, పదిన్నర, పదకొండు మధ్య వస్తుంది. కరపత్రంలో ఇప్పటికీ 3 గంటలనే ఉంది. ఆ వేళకు అక్కడ దారి ఉండదు.