ఏసీలో ఎర్రర్ కోడ్ వస్తే ఎవరిని పిలవడం మేలు: కంపెనీ వాళ్లనా, వీధి చివరి మెకానిక్‌నా?

మే నెలలో విజయవాడలో, మధ్యాహ్నం రెండింటికి, ఏసీ మీద 24 కనిపించాల్సిన చోట ఏదో అక్షరం మెరిసిందంటే ముందు టెన్షన్, ఆ వెంటనే ఫోన్. ఎవరికి చేయాలన్నది మాత్రం ధరను బట్టి కాదు, ఆ కోడ్ ఏ రకానిదో దాన్ని బట్టి తేల్చుకోవాలి అంటాను.

కొన్నిటికి ఎవరినీ పిలవక్కర్లేదు. శాంసంగ్‌లో సీఎఫ్ అని వస్తే ఫిల్టర్ కడగమని గుర్తుచేయడమే, అది రిపేరే కాదు. డైకిన్‌లో ఏ5 వస్తే చలువ కాయిల్ మంచు కట్టకుండా మెషీన్ తనను తాను ఆపుకుందని, దానికి చాలాసార్లు కారణం దుమ్ము పట్టిన ఫిల్టరే. మిగతా వాటికి కూడా ముందు ఎంసీబీ, అంటే ఏసీకి కరెంటు ఆపే స్విచ్చు, ఆపి (రిమోట్‌తో కాదు) పది నిమిషాలాగి వేసి చూడండి, కరెంటు ఎగుడుదిగుళ్లకు వచ్చిన కోడ్ అయితే మళ్లీ రాదు. వస్తే మాత్రం పదేపదే ఆపి వేయడం మానేయండి, అది మెషీన్‌ను రక్షించడానికి వచ్చిన కోడ్ అయితే మీరు ఆ రక్షణనే తప్పిస్తున్నట్టు.

ఇంకో మాట, కోడ్ అర్థం వెతికేటప్పుడు మోడల్ నంబర్‌తో కలిపి వెతకండి. ఉత్త ఈ1 అని కొడితే దారి తప్పుతారు, ఎందుకంటే గ్రీ కంపెనీ ఏసీల్లో ఈ1 అంటే గ్యాస్ ప్రెషర్ ఎక్కువైందని, మిడియా ఏసీలు చాలావాటిలో అదే ఈ1 ఇన్‌డోర్‌కీ ఔట్‌డోర్‌కీ మాట కలవట్లేదని. డైకిన్ గోడ ఏసీలు చాలావాటిలో ముందు లైటు మాత్రమే మినుకుమంటుంది, కోడ్ రిమోట్‌లోంచి రాబట్టాలి: టైమర్ క్యాన్సిల్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే 00 వస్తుంది, తర్వాత ఒక్కో నొక్కుకీ ఒక్కో కోడ్ మారుతూ పోతుంది, ఏ కోడ్ దగ్గర పొడుగ్గా బీప్ అంటే అదే మీది.

ఇక అసలు పోటీ. డైకిన్ యూ4, ఎల్‌జీ సీహెచ్05 లాంటివి ఇన్‌డోర్, ఔట్‌డోర్ ఎలక్ట్రానిక్ బోర్డుల మధ్య మాట తెగిపోయిందని చెప్పే కోడ్‌లు. మా ఇంట్లో ఇదే వచ్చింది, ఏసీకి ఏడేళ్లు, వారంటీ ఎప్పుడో పోయింది. కంపెనీ తరఫున వచ్చినతను ఔట్‌డోర్ మూత కూడా తీయకుండా బోర్డు మార్చాలన్నాడు, వేలల్లో లెక్క చెప్పాడు. మా వీధి మెకానిక్ వచ్చి వైరు వెంట చేత్తో తడుముకుంటూ వెళ్లి, ఏసీ బిగించినప్పుడు గోడ బయట వేసిన జాయింట్ దగ్గర ఆగాడు. వానకు తడిసి రాగి పచ్చబడింది. జాయింట్ లేకుండా కొత్త కేబుల్ లాగాడు, అంతే. కాబట్టి వారంటీ లేని ఏసీకి ఈ రకం కోడ్ వస్తే నా ఓటు తెలిసిన మెకానిక్‌కే: ముందు టెర్మినళ్లు, వైరు, ఎలుక కొరుకుడు, బోర్డు మీద చచ్చిన బల్లి (నవ్వకండి, నిజంగానే షార్ట్ చేస్తుంది), ఆ తర్వాతే బోర్డు. ఔట్‌డోర్ మూత మాత్రం మీరు తీయొద్దు, ఎంసీబీ ఆపాక కూడా కరెంటు నిల్వ ఉంచుకునే ఇన్వర్టర్ కెపాసిటర్లలో కొంతసేపు ప్రమాదకరమైన కరెంటు ఉంటుంది.

గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి అదే మెకానిక్‌తో నేను దెబ్బతిన్నాను. గ్యాస్ తగ్గిందనే కోడ్‌కు (డైకిన్‌లో యూ0, ఎల్‌జీలో సీహెచ్38) అతను లీకు వెతక్కుండా గ్యాస్ నింపి వెళ్లాడు, నెలన్నరకు మళ్లీ అదే కోడ్, మళ్లీ నింపాడు. చివరికి లీకు ఫ్లేర్ నట్ (గ్యాస్ పైపును బిగించే నట్) దగ్గర దొరికింది. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు కదా, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే! పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాస్‌కు మంటంటుకునే గుణం కొద్దిగా ఉంది, దాన్ని పాత ఆర్22 గ్యాస్ అలవాటుతో పట్టుకోకూడదు. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి లీకు చూసి, వాక్యూమ్ చేసి (పైపుల్లో గాలంతా లాగేసి), తూకం వేసి నింపేవాళ్లు కావాలి. ఈ సరంజామా కంపెనీ సర్వీసు వాళ్ల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, కానీ ఎవరొచ్చినా తూకం మిషన్ తెచ్చారా అని ముందు అడగండి. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పు గాలి కాయిల్‌నే తినేస్తుంది కాబట్టి అక్కడ కాయిల్ వారంటీ కాగితం ఓసారి చూసుకోవడం మంచిది.

వేడిని కొలిచే సెన్సర్ల కోడ్‌లకు ఎవరైనా ఒకటే, మల్టీమీటర్ ఉండి, వేడి తగిలితే సెన్సర్ ఓమ్స్ (రెసిస్టెన్స్) తగ్గుతున్నాయో లేదో చూడటం తెలిస్తే చాలు. మార్చాల్సి వస్తే మీ మోడల్‌కు సరిపడే ఓమ్స్ విలువ ఉన్న సెన్సరే వేయాలి, వేరేది వేస్తే గది చల్లబడకముందే ఆగిపోతుంది, లేదా ఆగనే ఆగదు.

వారంటీ ఉంటే ఈ చర్చే లేదు, బయటి చేయి పడకముందే కంపెనీకి కంప్లయింట్ పెట్టండి. చాలా మోడళ్లకు మొత్తం మెషీన్ మీద వారంటీ ఏడాదే అయినా బోర్డుకూ కంప్రెసర్‌కూ అంతకంటే ఎక్కువ ఏళ్లు ఇస్తున్నారు, బిల్లు తీసి చూడండి. ఎవరిని పిలిచినా సరే, ఎంసీబీ ఆపేముందు ఫోన్‌తో ఆ కోడ్ ఫొటో తీసి పెట్టుకోండి, వాళ్లొచ్చేసరికి ఏసీ బుద్ధిమంతుడిలా నడుస్తూ ఉంటుంది.