మిర్చి ఘాటుకి కిటికీ ఫిల్మ్: రెండు సీజన్లు వాడాక

చలిదేశాల్లో శీతాకాలం చలిగాలి దూరకుండా కిటికీలకి లోపలివైపు అంటించుకునే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఇది. చుట్టూ డబుల్ సైడ్ టేప్ వేసి, ఫిల్మ్ పరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి తగిలిస్తే ముడతలన్నీ పోయి బిగుసుకుంటుంది. ఎలా అంటించాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అది వదిలేస్తున్నాను. గుంటూరులో అంత చలి ఎక్కడిది అంటారేమో, నేను కొన్నది మిర్చి ఘాటు కోసం.

మాది మిర్చి యార్డుకి తూర్పున, నడిచి వెళ్లేంత దూరంలో అద్దె ఇల్లు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్నంత కాలం, మధ్యాహ్నం పడమటి గాలి లేచిందంటే ఇంటిల్లిపాదికీ దగ్గే. అమ్మకి ఆయాసం. కిటికీలు మూసినా లాభం ఉండేది కాదు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు కదా, రెండు తలుపులు కలిసే చోట ఉండే బ్రష్ ఎప్పుడో అరిగిపోయింది. కింద పట్టాలో వాననీళ్లు పోవడానికి పెట్టిన బెజ్జాలు సరేసరి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ దానంతటది ఆవిరై గాల్లో కలిసేది కాదు, సన్నటి కారపు దుమ్ముతో పాటు వస్తుంది. గాలి దూరే దారి మూస్తే ఘాటూ ఆగాలన్నది నా ఆశ.

ఆగింది. ఈ ఒక్క విషయంలో ఈ ఫిల్మ్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. వేసిన మొదటి సీజన్లో అమ్మ, "ఏరా, ఈ ఏడు యార్డుకి సరుకు రావట్లేదా?" అని అడిగింది. అప్పటికి బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలి విసురు ఎక్కువైతే ఫిల్మ్ గదిలోకి ఉబ్బి మళ్లీ సర్దుకునేది. అంత గాలీ అన్నేళ్లుగా నేరుగా అమ్మ మంచం మీదికే వచ్చేదన్నమాట! తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అయితే బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే మాత్రం ఘాటు మళ్లీ వచ్చేది. ఫ్యాన్ బయటికి నెట్టిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి, అది వీధి తలుపు కిందనుంచి వచ్చింది. తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టించాక చాలావరకు తగ్గింది.

అసలు దెబ్బ రోహిణి కార్తెలో తగిలింది. పడమటి కిటికీ ఫ్రేము మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కిట్‌తో వచ్చిన టేపు జిగురు ఆ వేడికి మెత్తబడింది. ఫిల్మ్ బిగుతుగా ఉంటుంది కదా, ఇరవైనాలుగు గంటలూ టేపుని లాగుతూనే ఉంటుంది. ముందు పై మూల ఊడింది, తర్వాత పై అంచంతా జారి కిందికి వేలాడింది. ఒకసారి బిగిసిన ఫిల్మ్ మళ్లీ పనికిరాదు, పారేయాల్సిందే. ఫ్రేముకి పట్టిన జిగురు కొబ్బరినూనె రాసి నానబెట్టి గోకితే గానీ వదల్లేదు. తూర్పు కిటికీది మాత్రం చెక్కుచెదరలేదు. చలికాలం కోసం చేసిన టేపు మన ఎండకి ఎలా ఆగుతుంది? అమ్మేవాళ్లు ఆ ముక్క ప్యాకెట్ మీద రాయాలి కదా అని ఇప్పటికీ నాకు కోపమే.

రెండోసారి కార్లకి బీడింగులు అంటించే ఫోమ్ టేపు ఆటోమొబైల్ షాపులో కొన్నాను. ఫ్రేముని స్పిరిట్‌తో తుడిచి వేశాను, బయట గ్రీన్ నెట్ కట్టించాను. మొన్నటి ఎండలకి ఆగింది.

ఏసీ బిల్లు తగ్గుతుందని కొన్నవాళ్లకి ఒక మాట. నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇది గాలిని ఆపుతుంది గానీ పారదర్శకం కాబట్టి ఎండని ఆపదు. పడమటి గది కాస్త చల్లబడిందంటే అది గ్రీన్ నెట్ పుణ్యమే. పైగా స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకోదు. అందుకని యార్డులో హడావుడి మొదలవక ముందే, పొద్దున్నే తలుపులన్నీ తీసి పెడతాం. ఫిల్మ్ వేసిన కిటికీ తెరవలేమని అమ్మ అప్పుడప్పుడు విసుక్కుంటుంది, ఆ విసుగులో న్యాయం ఉంది. వంటింటి కిటికీకి మాత్రం వేయలేదు. గ్యాస్ ఉన్నచోట గాలి ఆడాలి.

యార్డు పక్కన ఇల్లు, ఆయాసం ఉన్న అమ్మ, కిటికీలు మార్చనివ్వని ఓనరు గారు: ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నాకిది బంగారం. సొంతిల్లయితే రబ్బరు గ్యాస్కెట్ ఉన్న రెక్కల కిటికీలు పెట్టించుకునేవాణ్ణి. ఊళ్లోనే యార్డుకి దూరంగా, బ్రాడీపేటలోనో, అరండల్‌పేటలోనో ఉన్నవాళ్లకి అరిగిన బ్రష్ మార్పిస్తే సరిపోతుందేమో. ఇది వేయదలిస్తే జనవరిలోనే వేసేయండి. ఫిల్మ్ ఏదైనా ఫరవాలేదు, టేపు మాత్రం విడిగా మంచిది కొనుక్కోండి.