నాలుగేళ్ళు వాడిన నా గాంబెసన్: లేబుల్ నమ్మి ఉతికాక తెలిసిన సంగతులు

ఈ గాంబెసన్ (మధ్యయుగాల సైనికులు దెబ్బ తగలకుండా వేసుకున్న మందపాటి కుట్టు కోటు) కొన్న ఆరు నెలలకి దీని గురించి తెగ పొగుడుతూ రాశాను, ఒంటికి భలే కుదిరింది, దెబ్బ తగిలినట్టే ఉండదు, కళ్ళు మూసుకుని కొనేయండి అని. ఇప్పుడు నాలుగేళ్ళు దాటింది. ఆ మాటల్లో సగం ఇప్పటికీ అంటాను. మిగతా సగం మార్చుకోవాలి, ముఖ్యంగా "మెయింటెనెన్స్ ఏమీ ఉండదు" అన్న ముక్క. అది రాసేటప్పటికి నేను దీన్ని ఒక్కసారి కూడా ఉతకలేదు.

ఎంత మందం కొనాలి, ఏ శతాబ్దానికి ఏ కట్, చేతులు కలిపి కుట్టింది మంచిదా విడిగా కట్టుకునేది మంచిదా, ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నాది లోపలా బయటా లినెన్, మధ్యలో దూది, మెడ నుంచి అంచు దాకా నిలువు కుట్లు, కుట్టుకీ కుట్టుకీ మధ్య దూది కూరిన గొట్టాలు. ఒక రకంగా ఒంటికి తొడుక్కునే బొంత. ఇలాంటి వాటిని పాత రోజుల్లో అకెటన్ అని కూడా పిలిచేవాళ్ళు, అరబిక్‌లో దూదిని అల్ ఖుత్న్ అంటారు, ఆ మాట నుంచే వచ్చింది, అంటే పేరులోనే దూది ఉంది. నా కష్టాలన్నీ కూడా ఆ దూది దగ్గరే మొదలయ్యాయి.

వారానికి రెండు సార్లు పాతకాలపు పోరాటాల ప్రాక్టీసు, పైన చెయిన్‌మెయిల్ (ఇనుప వలయాలు అల్లిన కవచం), ఒంటి నిండా చెమట. ఏడాది తిరిగేసరికి చంకల దగ్గర, మెడ దగ్గర వాసన భరించలేని స్థితికి వచ్చింది. లోపలి లేబుల్ మీద చల్లటి నీళ్ళలో మెషిన్ వాష్ చేయొచ్చని స్పష్టంగా ఉంది. టీంలో ఒక తమ్ముడు కూడా "మెషిన్లో వేసెయ్ అన్నా, మాది అలాగే ఉతుకుతాం, ఏం కాదు" అన్నాడు. వాడిది పాలిస్టర్ ఫిల్లింగ్ అని నాకు తర్వాత తెలిసింది, పాలిస్టర్ నీళ్ళు పీల్చదు, దాని సంగతి వేరు. నేను మాత్రం నాదీ వాడిదీ ఒకటే రకం అనుకుని జెంటిల్ మోడ్‌లో పెట్టి వదిలేశాను.

ఉతకడం వరకు బాగానే అయింది కానీ స్పిన్ దగ్గర మెషిన్ మొరాయించింది, బరువంతా ఒకే పక్కకి చేరి డ్రమ్ము దబదబా కొట్టుకుని ఆగిపోయింది, రెండోసారి పెట్టినా అదే. సరే అని బయటికి లాగితే రెండు చేతులతో కూడా లేవట్లేదు. పొడిగా మూడున్నర కిలోలు ఉండేది ఆ రోజు దాదాపు 10 కిలోలు తూగింది. తడిసి మోపెడైంది అంటుంటాం కదా, ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు ఆ రోజు అర్థమైంది.

అసలు తప్పు దాని తర్వాత చేశాను. దాన్ని గట్టి హ్యాంగర్‌కి తగిలించి వేలాడదీశాను. నీళ్ళ బరువుకి భుజాలు సాగాయి, నీళ్ళన్నీ అంచులోకి దిగాయి, నీళ్ళతో పాటు దూది కూడా గొట్టాల్లో కిందికి జారింది. రెండో రోజుకి బయట ముట్టుకుంటే పొడిగానే ఉంది, అమ్మయ్య అనుకున్నా. మూడో రోజు గదిలోకి వెళ్తే ముక్కిపోయిన వాసన. ఐదో రోజు చంక దగ్గర లోపలి లినెన్ మీద సన్నటి నల్ల చుక్కలు, బూజు. పైన బట్ట ఆరినా లోపల దూది ఇంకా తడిగానే ఉంది, గాలి ఆడదు, వెలుతురు తగలదు, ఒంటి చెమట అప్పటికే దూదికి పట్టి ఉంది, బూజుకి ఇంతకన్నా ఏం కావాలి.

వాసన, చుక్కలు ఎలాగోలా వదిలించొచ్చు అనుకున్నా. నాకు కోపం తెప్పించింది తర్వాతి ప్రాక్టీసు. ఎడమ భుజం మీద మామూలు దెబ్బ, అలాంటివి అంతకుముందు వందల సార్లు తిన్నాను, ఆ రోజు మాత్రం కళ్ళు బైర్లు కమ్మాయి. ఇంటికొచ్చి తడిమి చూస్తే భుజం మీద దూదే లేదు, రెండు బట్టలు అంటుకుని ఉన్నాయంతే, దూదంతా ఉండలు కట్టి నడుము దగ్గర, అంచు దగ్గర చేరింది. భుజం ఎముక మీద చెయ్యంత వెడల్పున నల్లగా కమిలింది, రెండు వారాలు ఆ చెయ్యి పైకెత్తలేకపోయాను. ఇది వేసుకునేదే దెబ్బ ఆపడానికి. ఉతికితే ఆ పని చేయడం మానేసే దాని మీద మెషిన్ వాష్ చేయొచ్చని ఎలా రాస్తారు? తయారు చేసిన వాళ్ళకి ఫొటోలతో సహా రాశాను. డ్రైయర్‌లో వేయాల్సింది అని ఒక్క లైను జవాబొచ్చింది. లినెన్ డ్రైయర్ వేడికి ఎంత కుంచించుకుపోతుందో వాళ్ళకి తెలియదా.

పారేద్దామా అనుకున్నా కానీ కట్ చాలా బాగుంది, అంత బాగా కుదిరింది మళ్ళీ దొరకదని భయం. అందుకే కింద అంచు కుట్టు విప్పి, భుజాల దగ్గర లైనింగ్ కూడా విప్పి, గొట్టం తర్వాత గొట్టం దూది బయటికి లాగాను. బూజు పట్టింది పారేశాను, మిగతాది ఉండలు విడదీసి చేత్తో ఏకి, ఎండలో పరిచి, మళ్ళీ పొడవాటి పుల్లతో కూరాను. నడుము కింద భాగానికి ఇది సరిపోయింది. భుజాలకి, ఛాతీ పై భాగానికి మాత్రం మళ్ళీ దూది పెట్టడానికి మనసొప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది 15వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ కాలం నాటి ఆదేశం ఒకటి, సైనికుల జాక్‌లు (గాంబెసన్ లాంటి రక్షణ కోట్లు) 25 నుంచి 30 పొరల బట్టతో, పైన జింక తోలుతో ఉండాలని, వాడి వాడి మెత్తబడిన పాత బట్ట అయితే ఇంకా మంచిదని అందులో ఉంది. ఇంతకుముందు చదివినప్పుడు పొదుపు కోసం పాత బట్ట అన్నారేమో అనుకున్నా. నా దగ్గర అరిగిపోయిన లినెన్ దుప్పట్లు ఉన్నాయి, వాటిని భుజం ఆకారానికి కత్తిరించి 16 పొరలు పెట్టి, మైనం పూసిన లినెన్ దారంతో చేత్తో కుట్టుకుంటూ పోయాను. 30 పొరలు నా వల్ల కాదు, సూది దిగలేదు, పైన ఎలాగూ చెయిన్‌మెయిల్ వేస్తాను కదా. సాయంత్రాలు కూర్చుని కుడితే మూడు వారాలు పట్టింది, వేళ్ళకి బొబ్బలెక్కాయి.

ఇక్కడే నేను అస్సలు ఊహించని సంగతి. తర్వాతి ఏడాది ఉతికినప్పుడు (ఈసారి చేత్తో) దూది ఉన్న భాగం ఆరడానికి మూడు రోజులు పట్టింది, పొరలు ఉన్న భుజాలు రెండో రోజు పొద్దునకే ఆరిపోయాయి. లినెన్ చెమ్మని త్వరగా పీల్చి త్వరగా వదిలేస్తుంది, పైగా పొరలన్నిటినీ కలిపి కుట్టేశాం కాబట్టి జారడం, ఉండలు కట్టడం అన్న మాటే లేదు. లినెన్‌కి ఇంకో గుణం కూడా ఉంది, తడిస్తే బలం తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది. పాత బట్ట ఎందుకు మంచిదో కూడా కుడుతున్నప్పుడే అర్థమైంది, అప్పటికే కుంచించుకోవాల్సినంత కుంచించుకుపోయి ఉంటుంది, ఇంక కొత్తగా ముడుచుకోదు, ఒంటికి తగ్గట్టు వంగుతుంది. ఆ రోజు నేను నిజంగా సంతోషంతో గంతేశాను. లోటు లేదని కాదు, చెయ్యి తల మీదికి ఎత్తేటప్పుడు భుజం కాస్త బిగుసుకుంటుంది, మొత్తం బరువు కూడా 4.1 కిలోలకి చేరింది, గంట దాటితే ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది లోపల వేసుకునే పల్చటి లినెన్ చొక్కా, ప్రతిసారీ ఉతికేది దాన్నే, గాంబెసన్ దాకా చెమట సగం కూడా పోదు. ప్రాక్టీసు అవ్వగానే విప్పి తిరగేసి పరిచేస్తాను, బ్యాగులో కుక్కి ఇంటిదాకా తేవడం పూర్తిగా మానేశాను, ఎందుకంటే తాజా చెమటకి వాసన ఉండదు, దాన్ని బ్యాక్టీరియా తిన్నాకే కంపు మొదలవుతుంది, మూసిన బ్యాగులో వాటికి పండగే. చంకల దగ్గర, మెడ దగ్గర 70 శాతం ఆల్కహాల్ స్ప్రే కొట్టి ఫ్యాన్ కింద పెడతాను. నాటకాల కాస్ట్యూమ్‌ల వాళ్ళు వోడ్కా కొడతారు, నేనూ మొదట్లో అదే వాడాను, పనిచేస్తుంది కానీ 70 శాతం దానిలో ఉన్న పట్టు లేదు. రంగు బట్ట అయితే ముందు లోపలి మడత మీద కొట్టి రంగు దిగుతుందేమో చూసుకోండి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి.

పూర్తిగా ఉతకడం ఏడాదికి ఒక్కసారే, అదీ పొడి వాతావరణం ఉన్న రోజులు చూసుకుని. టబ్బులో చల్లటి నీళ్ళు, వాసన లేని లిక్విడ్ సబ్బు చాలా కొంచెం, ఎక్కువ వేస్తే దూదిలోంచి నురగ ఎన్నిసార్లు జాడించినా పోదు. అరచేతులతో నొక్కడమే, పిండటం, మెలితిప్పడం వద్దు. తీసేటప్పుడు భుజాలు పట్టుకుని ఎత్తకుండా కింద రెండు చేతులూ పెట్టి మొత్తంగా ఎత్తాలి. తర్వాత పొడి తువ్వాళ్ళ మధ్య చుట్టి మోకాళ్ళతో నొక్కుతాను, నాలుగైదు తువ్వాళ్ళు తడుస్తాయి. ఆపైన వల మీద పడుకోబెట్టి కిందా పైనా గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టి నాలుగు గంటలకోసారి తిప్పుతాను.

ఆరిందో లేదో చేత్తో ముట్టుకుని చెప్పలేం, మొదటిసారి నేను మోసపోయింది అక్కడే. అందుకే తూకం వేస్తున్నా. ఉతికే ముందు పొడి బరువు రాసి పెట్టుకుంటా, ఆరాక లగేజీ తూకానికి తగిలిస్తా. 4.3 చూపించిందంటే ఇంకా 200 గ్రాముల నీళ్ళు లోపల ఎక్కడో ఉన్నట్టే, పైన ఎంత పొడిగా అనిపించినా సరే. 4.1కి వచ్చేదాకా అల్మరాలో పెట్టను. ఇది మొదలుపెట్టాక మళ్ళీ బూజు చుక్క కనపడలేదు.

చెయిన్‌మెయిల్ కింద వేసేవాళ్ళకి తుప్పు మరకలు తప్పవు. క్లోరిన్ బ్లీచ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, తుప్పు మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు కలిపి మరక మీద మాత్రమే రాసి కాసేపుంచి బాగా కడిగేస్తే చాలావరకు పోతుంది, కడగడం సరిగ్గా చేయాలి, పులుపు అలాగే ఉండిపోతే బట్ట నార దెబ్బతింటుంది. నేనైతే ఇప్పుడు పాత మరకల్ని వదిలేశాను, అవి బలానికి అడ్డం కాదు. చిమ్మటల భయం ఉన్ని లైనింగో ఉన్ని కూరిందో ఉన్నవాళ్ళకే, దూదినీ లినెన్‌నీ అవి మామూలుగా ముట్టవు.

మరి కొనమంటారా అంటే, నాకు సూటిగా చెప్పడం కష్టం. కట్, కుట్టు పని, మెడ దగ్గర అమరిక, వీటికి ఇప్పటికీ మంచి మార్కులే వేస్తాను, నాలుగేళ్ళలో ఒక్క బయటి కుట్టు కూడా తెగలేదు. కానీ ఇప్పుడు నేను వేసుకుంటున్నది వాళ్ళు అమ్మింది కాదు, సగం నేను మళ్ళీ కుట్టింది. నెలకో రెండు నెలలకో ఒక ఈవెంట్‌కి వేసుకుని, లోపల చొక్కా వేసుకుని, తర్వాత బాగా ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్ళకి ఇది ఏళ్ళ తరబడి బాగానే వస్తుందేమో. నాలాగా చెమట ఎక్కువ పట్టేవాళ్ళు, వారానికి రెండుసార్లు దెబ్బలు తినేవాళ్ళు, చుట్టూ గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట ఉండేవాళ్ళు మాత్రం దూది కూరింది కాకుండా పొరల లినెన్‌ది వెతకండి, బరువైనా, ధర ఎక్కువైనా. చారిత్రకంగా సరిగ్గా ఉండాలన్న పట్టింపు లేకపోతే పాలిస్టర్‌దే మెషిన్‌కి తట్టుకుంటుంది, కాకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు, నేను ఒకరోజు అరువు తీసుకుని వేసుకుని గంటకే విప్పేశాను.

దూదిదే కొంటానంటే, అమ్మేవాళ్ళని ముందే ఒక్క మాట అడగండి, కింద అంచు విప్పి దూది తీసి మళ్ళీ కూరేలా కుట్టారా లేక గొట్టాలు రెండు వైపులా మూసేశారా అని. నాది విప్పడానికి వీలుగా ఉండబట్టే బతికిపోయింది.