ఎలక్ట్రిక్ కార్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఆ ఫారం వెనకవైపు తిప్పి చూడండి

ఎలక్ట్రిక్ కార్ కొందామని షోరూమ్‌ల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త ఆగి ఇది చదవండి. కార్ బాగోలేదని చెప్పటానికి కాదు, కార్ బానే ఉంది, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే మా ఆవిడ దిగనంది కూడా. గొడవంతా రేటు దగ్గరే. బుక్ చేసిన రోజు చెప్పిన రేటు ఒకటి, డెలివరీకి రమ్మని పిలిచి చేతిలో పెట్టిన కాగితంలో రేటు ఇంకోటి, రెండిటికీ తేడా దాదాపు పదో వంతు. అదే కార్, అదే రంగు, అదే వేరియంట్. షోరూమ్ పేరు, కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నా డబ్బులు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి, పైగా తెలిసినవాళ్ళని అడిగితే వేరే కంపెనీల్లో కూడా ఇంచుమించు ఇదే తంతు నడుస్తోంది.

బుకింగ్ ఫారంకి రెండు వైపులుంటాయి. ముందువైపు మన పేరు, ఫోన్ నంబర్, కార్ మోడల్, పెద్ద అక్షరాలతో రేటు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలతో కండిషన్లు. అందులో మూడు లైన్లున్నాయి, ఒకదాని పక్కన ఒకటి కాదు, విడివిడిగా వేరే వేరే చోట. ఒకటి, డెలివరీ రోజు అమల్లో ఉన్న ధరే వర్తిస్తుంది. రెండోది, డెలివరీ తేదీ అంచనా మాత్రమే, ఆలస్యమైతే కంపెనీకి బాధ్యత లేదు. మూడోది, సబ్సిడీల్లో, పన్నుల్లో మార్పు వస్తే ఆ భారం కొనేవాళ్ళదే. విడివిడిగా చదివితే ఏముందిలే అనిపిస్తుంది. మూడూ కలిపి చదవండి. బండి ఎప్పుడిస్తారో వాళ్ళ ఇష్టం, ఆ రోజుకి రేటెంతో వాళ్ళ ఇష్టం, ఈలోపు ఏం పెరిగినా మన నెత్తిన. ఇదేంటయ్యా అని అక్కడున్న అబ్బాయిని అడిగా, "అది అందరికీ ఉండే ఫార్మాలిటీయే సార్, మీ రేటు లాక్ అయిపోయినట్టే" అన్నాడు. సరే ఆ మాటే రాసి పంపమన్నా. "డోంట్ వర్రీ సార్" అని ఒక మెసేజ్, పక్కన దణ్ణం పెడుతున్న బొమ్మ. అంతే.

తర్వాత ఇవాళ రేపు అంటూ లాగారు. ఫోన్ చేస్తే బండి దారిలో ఉంది అంటారు, ఇంకోసారి చేస్తే ఆ రంగు రావటం లేటవుతోంది అంటారు. చివరికి వాళ్ళే చేసి బండి వచ్చింది, మిగతా డబ్బు సర్దుకుని రండి అన్నారు, వెళ్తే కొత్త రేటు. ఎందుకు పెరిగింది అంటే రెడీగా ఉంది సమాధానం, "బ్యాటరీ రేట్లు పెరిగాయి సార్, పైనుంచే వచ్చింది, మా చేతుల్లో ఏం లేదు."

ఈ బ్యాటరీ మాట చాలామంది నమ్మేస్తారు, ఎందుకంటే ఒకప్పుడు అది నిజమే. 2022లో బ్యాటరీల్లో వాడే లిథియం రేటు నిజంగానే ఆకాశానికెళ్ళింది, ఆ ఏడాది నవంబర్‌లో చైనా మార్కెట్లో టన్ను లిథియం కార్బొనేట్ (బ్యాటరీలకి వాడే ముడిసరుకు) 6 లక్షల యువాన్ల దగ్గరికి పోయింది. బ్లూమ్‌బెర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే రీసెర్చ్ సంస్థ వాళ్ళు ఏటా బ్యాటరీ ప్యాక్‌ల సగటు రేటు లెక్క తీస్తారు, 2010 నుంచి చూస్తే వాళ్ళ లెక్కలో రేటు పెరగటం 2022లోనే మొదటిసారి, కిలోవాట్ అవర్‌కి (కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఇదే) 151 డాలర్లు వచ్చింది. కానీ ఆ తర్వాత కథ మారిపోయింది కదా. 2023లో 139 డాలర్లు, 2024లో 115. లిథియం అయితే 2023 ఒక్క ఏడాదిలోనే కుప్పకూలింది, చివరికొచ్చేసరికి టన్ను లక్ష యువాన్ల దగ్గరికి దిగింది. అంటే 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న మామూలు కార్ తీసుకుంటే, సగటు లెక్కన 2022తో పోలిస్తే 2024కి ఒక్క బ్యాటరీ మీదే 1,800 డాలర్ల దాకా ఖర్చు తగ్గినట్టు. ఇదంతా ఆ అబ్బాయికి చెప్తే ఏమంటాడు పాపం, "మేనేజర్‌ని పిలుస్తా సార్" అన్నాడు. మేనేజర్ వచ్చి టీ తాగుతారా అన్నాడు.

బ్యాటరీ రేటు తగ్గుతుంటే మనం కట్టేది ఎందుకు పెరుగుతోందంటే, చాలా దేశాల్లో సబ్సిడీలు ఎత్తేస్తున్నారు, పన్ను మినహాయింపులు తీసేస్తున్నారు, బయటి నుంచి వచ్చే బళ్ళ మీద సుంకాలు పెంచుతున్నారు. చైనా 2022 చివరితో కేంద్రం ఇచ్చే కొనుగోలు సబ్సిడీ ఆపేసింది. నార్వేలో 2023 నుంచి 5 లక్షల క్రోనర్లు దాటిన మొత్తం మీద వ్యాట్ వేయటం మొదలుపెట్టారు, అంతకు ముందు అసలు వ్యాటే లేదు. యూరోపియన్ యూనియన్ 2024 అక్టోబర్ చివర్లో చైనాలో తయారైన ఎలక్ట్రిక్ కార్ల మీద, అప్పటికే ఉన్న 10 శాతం కాక, 35.3 శాతం దాకా అదనపు సుంకం వేసింది. ఇవన్నీ నిజమైన కారణాలే, కాదనట్లా. నా బాధల్లా ఏంటంటే, వాటిలో మన బండికి నిజంగా తగిలింది ఏది, ఎంత అని షోరూమ్‌లో ఒక్కరూ కాగితం మీద చూపించరు, అన్నిటికీ బ్యాటరీ అనే ఒక్క మాటే.

సబ్సిడీ విషయంలో ఇంకా జాగ్రత్త. ప్రతి స్కీమ్‌లో ఏదో ఒక తేదీ లెక్కలోకి వస్తుంది, బుక్ చేసిన రోజా, డబ్బు కట్టిన రోజా, రిజిస్ట్రేషన్ రోజా అన్నదాని మీదే అంతా ఉంటుంది. జర్మనీలో 2023 డిసెంబర్‌లో ఏం జరిగిందో చూడండి, 16వ తారీకు చెప్పారు, 17వ తారీకుతో సబ్సిడీ అప్లికేషన్లు బంద్ అని. అక్కడ బండి రిజిస్టర్ అయితేగానీ అప్లై చేయటానికి లేదు, అంటే ఎప్పుడో బుక్ చేసి బండి కోసం ఎదురుచూస్తున్నవాళ్ళంతా ఒక్క రాత్రిలో సబ్సిడీకి దూరమైపోయారు, తర్వాత కొన్ని కంపెనీలు ఆ డబ్బు మేం భరిస్తాం అని ముందుకొచ్చాయి, అది వేరే విషయం. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ఆగినప్పుడు రూల్ ఇంకోలా ఉంది, ఆ తేదీ లోపు అగ్రిమెంట్ రాసుకుని కొంతైనా పేమెంట్ చేసి ఉంటే బండి తర్వాత వచ్చినా చెల్లుతుంది అన్నారు. మీ దగ్గర ఏ తేదీ చూస్తారో ఆ స్కీమ్ రూల్స్‌లోనే ఉంటుంది, సేల్స్ వాళ్ళ నోటి మాట మీద వదిలేయకండి. నా కొటేషన్‌లో అయితే సబ్సిడీ ముందే తీసేసి తక్కువ రేటు లావు అక్షరాల్లో చూపించారు, అది రాకపోతే మాత్రం నేనే కట్టుకోవాలని వెనకవైపు రాశారు.

ఇంకో మాట. ఆ కండిషన్ ప్రకారం డెలివరీ రోజు ధరే వర్తిస్తుంది అంటే, రేటు తగ్గితే తగ్గిన రేటే కదా వేయాలి? అడిగా. "తగ్గటం అంటూ ఉండదు సార్" అన్నారు. ఎందుకుండదు, 2023 జనవరిలో టెస్లా ఒక్కసారిగా రేట్లు తగ్గిస్తే చైనాలో అంతకుముందే కొన్నవాళ్ళు షోరూమ్‌ల ముందు గొడవ చేయలా? పెరిగినప్పుడు పనిచేసే లైను తగ్గినప్పుడు కూడా పనిచేస్తుందని రాయించుకోండి, మొహాలెలా మారతాయో అక్కడే కనిపిస్తుంది.

సరే ఇక అసలు కాగితం. కొత్త కొటేషన్‌లో బండి రేటు పెరగటం ఒక ఎత్తు, కింద కొత్తగా పుట్టుకొచ్చిన లైన్లు ఒక ఎత్తు. హ్యాండ్లింగ్ చార్జీలు అట, బండి వాళ్ళ గోడౌన్ నుంచి వాళ్ళ షోరూమ్‌కి తెచ్చుకున్నందుకు నేను కట్టాలి. యాక్సెసరీస్ ప్యాక్, తప్పనిసరి, అందులో ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, ఒక తాళంచెవి కవర్. బండి పెయింట్ మీద వేసే కోటింగ్. ఎక్స్‌టెండెడ్ వారంటీ, బ్యాటరీకి కంపెనీలు మామూలుగానే 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి, అలాంటప్పుడు ఇది దేనికి వర్తిస్తుంది అంటే ఎవరికీ సరిగ్గా తెలీదు. యాప్ సబ్‌స్క్రిప్షన్, అంటే ఫోన్‌లో చార్జింగ్ ఎంతుందో చూసుకోవటానికి, ఏసీ ముందే ఆన్ చేసుకోవటానికి, కొంతకాలం ఫ్రీ, ఆ తర్వాత ఏడాదికింత. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలంట. దాని ప్రీమియం బండి విలువ మీద లెక్కేస్తారు కాబట్టి రేటు పెరగ్గానే అది కూడా పెరిగింది, బయట నేనే కనుక్కుంటే అదే కవరేజీకి చెప్పుకోదగ్గంత తక్కువ చెప్పారు. అన్నిటికంటే పెద్ద తలనొప్పి లోన్. బ్యాంక్ వాళ్ళు శాంక్షన్ చేసింది పాత కొటేషన్ మీద, పెరిగిందంతా జేబులోంచి పెట్టాలి, లేదంటే మళ్ళీ మొదట్నుంచీ అప్లికేషన్.

చార్జర్ సంగతి వివరంగా చెప్తా, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. బుకింగ్ అప్పుడు "చార్జర్ ఫ్రీ సార్" అన్నారు. ఆ ఫ్రీ చార్జర్ ఏంటంటే డిక్కీలో సంచిలో పెట్టి ఇచ్చే వైరు, మామూలు 16 యాంప్స్ ప్లగ్‌కి పెట్టుకునేది, 230 వోల్టుల దగ్గర మహా అయితే మూడున్నర కిలోవాట్లు లాగుతుంది. 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి ఫుల్ అవ్వాలంటే, మధ్యలో పోయే కరెంటుతో కలిపి, 15 గంటల పైనే. గోడకి బిగించే 32 యాంప్స్ బాక్స్ అయితే ఏడు కిలోవాట్లు ఇస్తుంది, రాత్రి పెడితే తెల్లారేసరికి అయిపోతుంది, అదేమో వేరే రేటు. సరే ఇవ్వండి అంటే నాకు 11 కిలోవాట్ల బాక్స్ అంటగట్టబోయారు. దానికి త్రీ ఫేజ్ కనెక్షన్ కావాలి, అది పక్కన పెట్టండి, నేను బుక్ చేసిన కార్‌లో ఉన్న ఆన్‌బోర్డ్ చార్జర్ (ఇంటి కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చే, కార్ లోపలే ఉండే చార్జర్) తీసుకునేదే 7.2 కిలోవాట్లు, ఎంత పెద్ద బాక్స్ పెట్టినా ఇంటి కరెంటుతో చేసే చార్జింగ్‌లో అంతకు మించి ఎక్కదు. బ్రోషర్ చివరి పేజీలో వాళ్ళే రాసుకున్నారు, వేలు పెట్టి చూపించాల్సొచ్చింది. ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నది కూడా కొన్ని మీటర్ల వైరు వరకే, మీటర్ బోర్డు ఒకచోట పార్కింగ్ ఇంకోచోట ఉన్నవాళ్ళకి ఆ పైన ప్రతి మీటరుకీ డబ్బులే, దానికి తోడు విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్), లీకేజ్ అయితే ట్రిప్ అయ్యే బ్రేకర్, ఎర్తింగ్, అవసరమైతే లోడ్ పెంచుకోవటం. ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళి మీ పార్కింగ్ చూపించి అంచనా తీసుకోండి, తర్వాతే బుకింగ్.

ప్రకటనల్లో ఇంకో చమత్కారం ఉంది. రేటు చిన్న బ్యాటరీ వేరియంట్‌ది వేస్తారు, రేంజ్, అంటే ఒక్క చార్జ్‌కి ఎంత దూరం పోతుందో అది, పెద్ద బ్యాటరీ వేరియంట్‌ది వేస్తారు, రెండిటి పక్కనా చుక్క గుర్తు. ఆ రేటుకి ఆ రేంజ్ ఇచ్చే బండి అసలు వాళ్ళ దగ్గర లేనే లేదు. కొన్నిచోట్ల బ్యాటరీ లేకుండా రేటు చెప్తారు, బ్యాటరీకి నెలనెలా అద్దె. అది పూర్తిగా మోసం అననుగానీ, అద్దె మొత్తం ఎన్నేళ్ళు, తిరక్కపోయినా కట్టాలా, బండి అమ్మితే ఆ అగ్రిమెంట్ ఏమవుతుంది, ఈ మూడూ అడక్కుండా తక్కువ రేటు చూసి సంబరపడకండి.

పాత కార్ ఎక్స్చేంజ్‌కి ఇచ్చేవాళ్ళు తాళాలు డెలివరీ రోజే ఇవ్వండి. "ఇప్పుడిస్తే మంచి రేటు వస్తుంది సార్, తర్వాత పడిపోద్ది" అంటారు, ఇచ్చాక మీకు తిరగటానికి బండి ఉండదు, వాళ్ళేం చెప్తే దానికి తలూపాల్సొస్తుంది. నేను ఇవ్వలేదు కాబట్టే ఆ రోజు కుర్చీలోంచి లేచి రాగలిగా. అలాగే బండి ఏ నెలలో తయారైందో అడగండి, నాకు చూపించింది కొత్త రేటుకి పాత స్టాక్, ఛాసిస్ నంబర్ ప్లేట్ దగ్గర నెల, ఏడాది కొట్టే ఉన్నాయి. అన్నాళ్ళు బ్యాటరీ ఎంత చార్జ్‌లో పెట్టి ఉంచారంటే యార్డ్ వాళ్ళని కనుక్కోవాలన్నారు.

ఎవరైనా ఇప్పుడు బుక్ చేయబోతుంటే, డబ్బు కట్టకముందే ఈమెయిల్‌లో తీసుకోండి, మెసేజ్ కాదు, షోరూమ్ ఐడీ నుంచి మెయిల్. మొత్తం కలిపి చేతికొచ్చేసరికి ఎంత, ఏ తేదీ దాకా ఆ రేటు మారదు, ఆ తేదీ దాటి వాళ్ళ వల్ల లేటయితే పెరుగుదల ఎవరు భరిస్తారు, రేటు పెరిగితే ఒక్క పైసా కోయకుండా మొత్తం వెనక్కిస్తారా. హ్యాండ్లింగ్, ప్యాక్, కోటింగ్ వద్దని అక్కడే గీత కొట్టించి సంతకం పెట్టించండి. ఒప్పుకోకపోతే మరీ మంచిది, వచ్చే గొడవేదో డబ్బు కట్టకముందే తేలిపోతుంది.

నా సంగతి, బుకింగ్ క్యాన్సిల్ చేశా. గట్టిగా మాట్లాడితే హ్యాండ్లింగ్ తీసేస్తాం, ప్యాక్ తీసేస్తాం అని దిగొచ్చారుగానీ పెరిగిన బండి రేటు మీద మాత్రం కదల్లేదు. రీఫండ్‌లో ప్రాసెసింగ్ చార్జీ కింద కొంత కోస్తామంటున్నారు, ఫారం రెండు వైపులా వెతికినా ఆ లైను ఎక్కడా లేదు. ఏ కండిషన్ ప్రకారం కోస్తున్నారో రాసివ్వండి అని మెయిల్ పెట్టా, ఇంకో రెండు మెయిళ్ళు చూసి వినియోగదారుల ఫిర్యాదుకి వెళ్తానని అందులోనే రాశా. దానికి జవాబు రాలేదుగానీ అదే ఐడీ నుంచి ఇంకో వేరియంట్‌కి కొత్త కొటేషన్ వచ్చింది, ఈసారి కోటింగ్ ఫ్రీ అట.