డిప్రెషన్‌కి ఊరి డాక్టరా, వైజాగ్ స్పెషలిస్టా?

పాతపట్నంలోనో చీపురుపల్లిలోనో ఒక ఇంట్లో మనిషికి డిప్రెషన్ అని అనుమానం వచ్చిందనుకోండి. తెలిసినవాళ్ళు చెప్పే మొదటి మాట ‘వైజాగ్ తీసుకుపొండి’. కొన్ని సందర్భాల్లో అది సరైన మాటే. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు చెవుల్లో వినపడుతున్నా, బిడ్డ పుట్టాక తల్లి ప్రవర్తన బాగా మారిపోయినా ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్ళాలి. గతంలో నిద్ర లేకుండా, విపరీతమైన హుషారుతో రోజుల తరబడి గడిపిన మనిషైతే కూడా అంతే. అది బైపోలార్, అంటే హుషారూ దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బు కావచ్చు. అలాంటివాళ్ళకి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఆ హుషారు మళ్ళీ ఎగదన్నే ప్రమాదం ఉంది.

మరి మామూలు, మధ్యస్థాయి డిప్రెషన్ సంగతేమిటి? నా ఓటు దగ్గర్లోని డాక్టరుకే, కానీ ఒక షరతుతో. ఆ షరతుకి ముందు రెండువైపుల లోపాలూ చూద్దాం.

శ్రీకాకుళం నుంచి వైజాగ్ సుమారు వంద కిలోమీటర్లు. ఇచ్ఛాపురం వాళ్ళకి ఇంకా చాలా దూరం. తోడు వచ్చేవాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది. మొదటిసారి ఎలాగో వెళ్తారు, రెండోసారి ఆగిపోతారు. ఈ జబ్బులో రెండోసారే ముఖ్యం. ఫ్లూయాక్సెటిన్, ఎస్‌సిటలోప్రామ్ లాంటి మాత్రలు పనిచెయ్యడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తాయి. గుణం ఇంకా కనపడలేదు, ఇబ్బంది కనపడింది, మాత్ర మానేశారు. ‘పర్వాలేదు, ఇంకో పది రోజులు వేసుకోండి’ అనే మనిషి వంద కిలోమీటర్ల అవతల ఉన్నాడు. కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

ఊరి డాక్టరు దగ్గర లోపం వేరే. మనవాళ్ళు దిగులుగా ఉందని చెప్పరు. ‘ఏటో బాబూ, ఒళ్ళంతా పీకేస్తంది, నిదర రావట్లేదు’ అంటారు. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు. ఒక బి-కాంప్లెక్స్ ఇంజెక్షను, గ్యాస్ మాత్ర, మరీ అడిగితే అల్‌ప్రాజోలమ్. ఆ రాత్రికి నిద్ర వస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది, కొన్నాళ్ళకి మాత్ర లేనిదే నిద్ర రాని స్థితి వస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరైతే పైన ఒక సెలైన్ కూడా.

దీన్ని సరిదిద్దడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం 2001 నుంచి వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉందో అడుగుతుంది. మొత్తం స్కోరు 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తగా పరీక్షించాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొహమాటంతో దాన్ని వదిలేస్తే కాగితం నింపి ప్రయోజనం లేదు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. స్కోరుతో పాటు థైరాయిడ్, రక్తహీనత, తాగుడు అలవాటు కూడా చూడాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ కాగితాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. కిడ్నీ జబ్బుకే నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి కాబట్టి స్కోరు దానంతట అదే పెరుగుతుంది. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా, బతుకు మీద ఆశ పోయిందా అన్న జవాబులకే అక్కడ ఎక్కువ బరువు ఇవ్వాలి. మందు మోతాదు కిడ్నీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించాలి.

ఇక షరతు. మాత్ర రాయడం డాక్టరు పని, వెంటపడి కనుక్కోవడం ఇంకొకరి పని. గోవాలో మానస్ పేరుతో జరిగి 2010లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూపించింది ఇదే. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్త రోగితో మాట్లాడుతూ, డాక్టరుకీ సైకియాట్రిస్టుకీ మధ్య నడిచాడు. ప్రభుత్వ పీహెచ్‌సీల్లో ఎక్కువమంది కోలుకున్నారు. ప్రైవేటు క్లినిక్‌లలో మాత్రం పెద్ద తేడా రాలేదు. బహుశా అక్కడ తెలిసిన డాక్టరే రోగిని ముందునుంచీ పట్టించుకుంటూ ఉండి ఉంటాడు. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. షుగరూ డిప్రెషనూ రెండూ ఉన్న 404 మందితో 2020లో వచ్చిన అధ్యయనంలో నాలుగు క్లినిక్‌లుంటే అందులో ఒకటి విశాఖపట్నానిది. అక్కడా రోగిని వెంటపడి కనుక్కునే కోఆర్డినేటర్ వెంట ఉన్నవాళ్ళకే మెరుగైన ఫలితం వచ్చింది.

అలాగని వచ్చిన ప్రతి రోగికీ కాగితం నింపమనను. తర్వాత ఫోన్ చేసే మనిషి లేనిచోట అది ఇంకో రిజిస్టరు అవుతుంది, అంతే. షుగర్, బీపీ, కిడ్నీ రోగులతో, బాలింతలతో మొదలుపెడితే చాలు. ప్రతి రాకలోనూ స్కోరు ఓపీ చీటీ మీద రాస్తే మూడు నెలల తర్వాత ఎంతమందికి సగానికి తగ్గిందో తెలుస్తుంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. పీజీ విద్యార్థుల థీసిస్‌కి ఇంతకంటే పనికొచ్చే విషయం నాకు తోచడం లేదు.

ఇక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 సంగతి. 2022 అక్టోబరులో మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రి టెన్షన్‌కీ, ఊళ్ళో తెలుస్తుందన్న భయానికీ దీన్ని మించింది లేదు. ఒళ్ళు పరీక్షించడం, రక్తం తీయడం ఫోన్లో కుదరవు కాబట్టి డాక్టరుకి బదులు కాదు.

పీహెచ్‌సీ డాక్టర్లు బదిలీ అవుతుంటారు, అందుకే వెంటపడే పని ఏఎన్ఎంకో, విలేజ్ హెల్త్ క్లినిక్ నర్సుకో అప్పగించడం మేలు. ఆశా కార్యకర్త అయితే మరీ దగ్గర, కానీ ఆమె పక్కింటి కోడలు కూడా కావచ్చు. ఆమెతో అత్తగారి సంగతి ఎవరు చెప్పుకుంటారు? ఎవరు ఫోన్ చెయ్యాలో, ఏ నంబరుకి చెయ్యాలో మొదటి రోజే రోగిని అడిగి చీటీ మీద రాసుకోవాలి.